తుపాను కంటే ముందు కబురు: రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ జీవితం, ఉద్యోగ ప్రస్థానం

రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ (1805–1865) పన్నెండేళ్ల వయసులో బ్రిటిష్ నౌకాదళ కళాశాలలో చేరి, వైస్ అడ్మిరల్ హోదాకు చేరిన అధికారి. బీగిల్ ఓడకు కెప్టెన్‌గా, పార్లమెంటు సభ్యుడిగా, న్యూజీలాండ్‌కు రెండో గవర్నరుగా, బ్రిటన్ వాతావరణ శాఖకు తొలి అధిపతిగా పనిచేశాడు. ఇన్ని చేసినా, చార్లెస్ డార్విన్‌ను ఓడలో ఎక్కించుకుని ప్రపంచం చుట్టి వచ్చిన కెప్టెన్‌గానే లోకం అతన్ని చాలాకాలం గుర్తుపెట్టుకుంది. అతని మీద వచ్చిన రచనలు చదివితే ముగ్గురు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. డార్విన్ చరిత్రకారుల ఫిట్జ్‌రాయ్ ముక్కోపి, మత ఛాందసుడు. న్యూజీలాండ్ వలస చరిత్రల్లో అతనొక చేతకాని గవర్నరు. వాతావరణ శాస్త్ర చరిత్రలో దారి చూపినవాడు. ఈ ముగ్గురినీ కలిపి చూడాలంటే అతని ఉద్యోగ జీవితాన్ని మొదటినుంచీ వరుసగా పరిశీలించాలి. అలా పరిశీలిస్తే, పటాలు గీసినా, చట్టం కోసం పోరాడినా, వాతావరణ లెక్కలు కట్టినా అతని ధ్యాసంతా సముద్రంలో అకారణంగా పోతున్న ప్రాణాల మీదే ఉన్నదని తెలుస్తుంది.

ఫిట్జ్‌రాయ్ 1805 జూలై 5న ఇంగ్లండ్‌లోని సఫక్ ప్రాంతంలో, ఆంప్టన్ హాల్ అనే భవనంలో పుట్టాడు. రాజు రెండో చార్లెస్‌కు వివాహేతర సంబంధం వల్ల కలిగిన సంతానం నుంచి వచ్చిన వంశం వారిది. తాత మూడో గ్రాఫ్టన్ డ్యూక్ బ్రిటన్‌కు ప్రధానమంత్రిగా పనిచేశాడు. తండ్రి సైన్యాధికారి. ఐదేళ్లు నిండేసరికే తల్లి చనిపోయింది. ఆమె సవతి సోదరుడు, విదేశాంగ మంత్రి క్యాసిల్‌రే, 1822లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఫిట్జ్‌రాయ్‌కు పదిహేడేళ్లు. మేనమామకు పట్టిన గతే తనకూ పడుతుందేమోనన్న భయం అతన్ని జీవితాంతం వదల్లేదు. బీగిల్ ప్రయాణానికి తోడుగా చదువుకున్న మనిషి ఒకడు కావాలని పట్టుబట్టడం వెనుక ఈ భయం పాలు చాలానే ఉంది.

1818లో పోర్ట్స్‌మత్‌లోని రాయల్ నేవల్ కాలేజీలో చేరి, మరుసటి ఏడాదే ఓడెక్కాడు. 1824లో లెఫ్టినెంట్ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడు. అంతకుముందు ఆ ఘనత ఎవరికీ దక్కలేదు. పెద్దింటి పిల్లలకు పలుకుబడితో పదవులు దొరికే రోజులవి. పలుకుబడి ఫిట్జ్‌రాయ్‌కూ ఉంది, అయితే దాని మీద ఆధారపడాల్సిన అవసరం లేనంత పనితనం కూడా ఉంది. 1828లో అతను దక్షిణ అమెరికా తీరంలోని బ్రిటిష్ నౌకాదళంలో, రియో డి జనీరో కేంద్రంగా, అడ్మిరల్ ఓట్వే దగ్గర పనిచేస్తున్నాడు. అదే కాలంలో దక్షిణాన మెజెల్లన్ జలసంధి దగ్గర సర్వే చేస్తున్న బీగిల్ ఓడ కెప్టెన్ ప్రింగిల్ స్టోక్స్, చలి, ఏకాంతం, ఎడతెగని పని భరించలేక తుపాకీతో కాల్చుకుని మరణించాడు. ఖాళీ అయిన ఆ స్థానంలో ఓట్వే ఇరవై మూడేళ్ల ఫిట్జ్‌రాయ్‌ని నియమించాడు.

బీగిల్ పెద్ద ఓడ కాదు, పొడవు తొంభై అడుగులు. ఆ రకం ఓడలు తుపానులో సులువుగా బోల్తా పడతాయని నావికుల్లో చెడ్డపేరు ఉండేది. కొత్త కెప్టెన్‌కు మొదటి పాఠం 1829 జనవరిలోనే అందింది. ఉరుగ్వే తీరంలో మాల్డొనాడో దగ్గర, పంపాస్ మైదానాల మీదుగా విరుచుకుపడే పంపెరో గాలి ఓడను పక్కకు ఒరగదోసింది. ఇద్దరు నావికులు కొట్టుకుపోయారు. గాలి రాకముందే బారోమీటరులో పాదరసం బాగా పడిపోయింది, కానీ ఆ సంకేతానికి తగినంత విలువ ఇవ్వలేదు. యంత్రం ముందే చెప్పిన మాటను మనిషి వినకపోతే ఏమవుతుందో ఫిట్జ్‌రాయ్ అక్కడ నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత అతను కట్టిన హెచ్చరికల వ్యవస్థకు విత్తనం ఆ రోజే పడిందనుకోవడానికి తగిన ఆధారం ఉంది.

ఈ మొదటి ప్రయాణంలోనే అతని జీవితంలో సమర్థించలేని పని ఒకటి జరిగింది. 1830లో టియెర్రా డెల్ ఫ్యూగో దీవుల్లో అక్కడి మూలవాసులు సర్వే పడవ ఒకటి ఎత్తుకుపోయారు. దాన్ని రాబట్టుకోవడానికి ఫిట్జ్‌రాయ్ కొందరిని బందీలుగా పట్టుకున్నాడు. పడవ దొరకలేదు. చివరికి నలుగురు ఓడలో మిగిలారు. వాళ్లలో ఒరుండెలికో అనే కుర్రాణ్ని ఒక గుండీ ఇచ్చి కొన్నారని చెప్పి జెమీ బటన్ అని పేరు పెట్టారు. మరొకరు తొమ్మిదేళ్ల పిల్ల. వీళ్లను ఇంగ్లండ్ తీసుకెళ్లి చదువు, మతం, వ్యవసాయం నేర్పి తిరిగి పంపితే వాళ్ల జాతికి మేలు జరుగుతుందని ఫిట్జ్‌రాయ్ నమ్మాడు. ఒకతను ఇంగ్లండ్ చేరగానే మశూచితో చనిపోయాడు. మిగిలిన ముగ్గురికి బడి, బట్ట, తిండి అన్నీ కెప్టెన్ సొంత డబ్బుతోనే నడిచాయి. 1831లో రాజు నాలుగో విలియం వాళ్లను పిలిపించుకుని చూశాడు. ఫిట్జ్‌రాయ్ ఉద్దేశం మంచిదేనని అతని అభిమానులు అంటారు. నిజమే కావచ్చు. అయినా వేరే మనుషుల బతుకుల్ని వాళ్ల ఇష్టంతో పనిలేకుండా తానే దిద్దాలనుకోవడం ఆనాటి సామ్రాజ్య బుద్ధి, ఆ బుద్ధి అతనిలోనూ ఉంది.

వాళ్లను తిరిగి దింపుతానన్న మాట నిలబెట్టుకోవడానికి నౌకాదళం మొదట సాయం చేయలేదు. అతను సొంత ఖర్చుతో ఓడ కిరాయికి మాట్లాడుకున్నాడు. ఇంతలో బంధువుల మాట పనిచేసి, బీగిల్‌నే మళ్లీ దక్షిణ అమెరికా సర్వేకు పంపడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. నౌకాదళ జలపటాల అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అతనికి వెన్నుదన్నుగా నిలిచాడు. గాలి వేగాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ కొలమానాన్ని ఒక సర్వే యాత్రలో మొదటిసారి క్రమం తప్పకుండా వాడింది ఈ ప్రయాణంలోనే. తోడుగా ప్రకృతి పరిశీలకుడు కావాలంటే కేంబ్రిడ్జ్ నుంచి ఇరవై రెండేళ్ల డార్విన్ వచ్చాడు. ముఖ కవళికల్ని బట్టి మనిషి గుణం చెప్పవచ్చని ఫిట్జ్‌రాయ్ నమ్మేవాడు. డార్విన్ ముక్కు చూసి ఇతనికి పట్టుదల ఉండదేమోనని మొదట సందేహించాడు.

1831 డిసెంబరు 27న బయలుదేరిన బీగిల్ 1836 అక్టోబరు 2న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ చేరింది. ఈ ఐదేళ్ల గురించి డార్విన్ వైపు నుంచి ఎంతో రాశారు. ఓడ అసలు ఎందుకు వెళ్లిందో మాత్రం తక్కువ మంది చెప్పారు. దక్షిణ అమెరికా తీరరేఖను సరిగ్గా గీయడం, లోతులు కొలవడం, ప్రపంచం చుట్టూ రేఖాంశాలను ఒక గొలుసుగా కలపడం దాని పని. రేఖాంశం తెలియాలంటే ఇంగ్లండ్ సమయాన్ని ఓడలో చెక్కు చెదరకుండా మోసుకుపోవాలి. గంట తేడా అంటే పదిహేను డిగ్రీలు, నాలుగు నిమిషాలు అంటే ఒక డిగ్రీ. గడియారం కొద్దిగా తప్పితే పటం మీద కొండరాయి మైళ్ల దూరం జరిగిపోతుంది, దాన్ని నమ్మిన ఓడ బద్దలవుతుంది. అందుకని ఫిట్జ్‌రాయ్ క్రోనోమీటర్లు అనే నౌకా గడియారాలు 22 తీసుకెళ్లాడు, అందులో ఆరు సొంతంగా కొన్నవి. వాటిని రంపపు పొట్టులో పేర్చి, ఓడ ఊగినా కదలకుండా ప్రత్యేకమైన గదిలో ఉంచి, చూసుకోవడానికి వేరే పనివాణ్ని తన జీతం మీద పెట్టుకున్నాడు. భూమిని చుట్టి వచ్చాక లెక్కలన్నీ కూడితే 24 గంటలకు వచ్చిన తేడా సుమారు 33 సెకన్లు. ఆ రోజుల్లో అది అబ్బురపడాల్సిన కచ్చితత్వం. అతను గీసిన పటాలు 20వ శతాబ్దంలో కూడా నావికులకు పనికొచ్చాయి.

1833 జనవరి 13న కేప్ హార్న్ దగ్గర మూడు మహా అలలు బీగిల్‌ను ఒకదాని వెంట ఒకటి కొట్టాయి. ఒక పడవ పోయింది, ఓడ ఒరిగి మళ్లీ నిలబడింది, మనుషులెవరూ పోలేదు. నాలుగేళ్ల కిందటి పాఠం వంటబట్టిందనడానికి ఇది చాలు. అదే నెలలో ఫ్యూగో మూలవాసులు ముగ్గురినీ వాళ్ల నేల మీద దింపారు. వాళ్లతో నిలిపిన మతప్రచారకుడు కొద్ది రోజులకే ప్రాణభయంతో ఓడకు తిరిగొచ్చాడు. ఏడాది తర్వాత జెమీ బటన్ తన వాళ్ల పద్ధతుల్లోనే సంతోషంగా ఉంటూ కనిపించాడు, ఇంగ్లండ్ రమ్మంటే రానన్నాడు. ఫిట్జ్‌రాయ్ పెట్టుకున్న పెద్ద ఆశ అలా ముగిసింది.

తీరం విస్తారం, ఓడ ఒక్కటి. సర్వే త్వరగా ముగించాలని 1833లో అనుమతి కోసం ఆగకుండా సొంత డబ్బుతో స్కూనర్ రకం తెరచాప ఓడ ఒకటి కొని, దానికి అడ్వెంచర్ అని పేరు పెట్టాడు. ప్రభుత్వం ఖర్చు ఇవ్వనంది, మందలించింది. 1834లో ఆ స్కూనర్‌ను అమ్ముకోవాల్సి వచ్చింది. చిలీలోని వాల్పరైసోలో అతను మానసికంగా కుంగిపోయి, కెప్టెన్ పదవికి రాజీనామా చేశాడు. సహాధికారి జాన్ విక్‌హామ్ నచ్చజెప్పి దాన్ని వెనక్కి తీయించాడు. విక్‌హామ్ కనుక తనకు దక్కబోయే పదవిని చూసుకుని ఉంటే బీగిల్ అటునుంచే ఇంటిదారి పట్టేది, డార్విన్ గలాపగోస్ చూసేవాడు కాదు.

1835 ఫిబ్రవరి 20న చిలీలోని కాన్సెప్షన్ నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. ఫిట్జ్‌రాయ్ ఆ తీరమంతా కొలిచి, శాంటా మరియా దీవి ఎనిమిది నుంచి పది అడుగుల వరకు పైకి లేచిందని తేల్చాడు. నేల మెల్లమెల్లగా రూపు మారుతుందన్న భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్ సిద్ధాంతానికి ఇది బలమైన సాక్ష్యమైంది. గలాపగోస్‌లో పిచ్చుకలను ఏ దీవిలో పట్టిందీ డార్విన్ సరిగా రాసుకోలేదు. కెప్టెన్, అతని సిబ్బంది దీవుల వారీగా చీటీలు రాసి పెట్టుకున్న నమూనాలే ఆ తర్వాత ఆ లోటు పూడ్చాయి. పరిణామవాదాన్ని ద్వేషించినవాడి క్రమశిక్షణ ఆ వాదానికే ఆధారం సమకూర్చింది.

1837లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి బంగారు పతకం ఇచ్చింది. 1839లో యాత్రా గ్రంథం వెలువడింది. అతను రాసిన సంపుటి చివర బైబిల్‌లోని జలప్రళయాన్ని సమర్థించే అధ్యాయం ఉంది. అదే గ్రంథంలో భాగంగా వచ్చిన డార్విన్ సంపుటి దాన్ని మించి అమ్ముడైంది.

1841లో డరమ్ నుంచి టోరీ సభ్యుడిగా పార్లమెంటుకు వెళ్లాడు. అతని జీవితచరిత్రల్లో రెండు వాక్యాలతో సరిపెట్టే ఈ దశకు ఎక్కువ విలువ ఇవ్వాలి. వర్తక నౌకలు నడిపే మాస్టర్లకు, మేట్లకు అప్పట్లో ఏ పరీక్షా ఉండేది కాదు. ఓడ యజమానికి నచ్చినవాడు కెప్టెన్. రేఖాంశం కట్టడం రానివాళ్ల చేతుల్లో వందల ప్రాణాలు ఉండేవి. 1842లో ఫిట్జ్‌రాయ్ వాళ్లకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వాలని బిల్లు తెచ్చాడు. అది నెగ్గలేదు. అయితే 1845లో ఇష్టమైనవాళ్లు రాసే పరీక్షలు మొదలయ్యాయి, 1850 చట్టంతో అవి తప్పనిసరి అయ్యాయి.

1843 డిసెంబరులో గవర్నరుగా న్యూజీలాండ్ చేరాడు. బ్రిటిష్ ప్రభుత్వానికీ అక్కడి మూలవాసులైన మావోరీలకూ మధ్య వైతాంగి ఒప్పందం జరిగి నాలుగేళ్లు కూడా కాలేదు. ఆ ఏడాది జూన్‌లో వైరావు దగ్గర తమదని చెప్పుకున్న భూమిని సర్వే చేయబోయిన వలసదారులకూ మావోరీలకూ ఘర్షణ జరిగి 22 మంది యూరోపియన్లు చనిపోయారు. లొంగిపోయినవాళ్లను కూడా మావోరీలు చంపారు. వలసదారులు ప్రతీకారం కోరారు. 1844 ఫిబ్రవరిలో ఫిట్జ్‌రాయ్ వైకానాయెకు వెళ్లి, మావోరీ నాయకుడు తే రౌపరాహా చెప్పిందంతా విని తీర్పు చెప్పాడు. అమ్మని భూమిని కొలవడానికి పోవడం వలసదారుల తప్పు, బందీలను చంపడం మావోరీల తప్పు, కాబట్టి ఎవరికీ శిక్ష లేదు. వలసదారుల పత్రికలు మండిపడ్డాయి. భూమిమీద లాభాలు చూసుకున్న న్యూజీలాండ్ కంపెనీ లండన్‌లో తన పలుకుబడినంతా అతని మీద ప్రయోగించింది. చేతిలో సైన్యం లేదు, ఖజానాలో డబ్బు లేదు. మావోరీ భూములు ప్రభుత్వమే కొనాలన్న షరతును సడలించాడు, సుంకాలు ఎత్తేశాడు, పై అనుమతి లేకుండా కాగితపు నోట్లు జారీ చేశాడు. డబ్బు విషయంలో అతని తప్పులు నిజమైనవే. ఇంతలో ఉత్తరాన హోనె హెకె అనే నాయకుడు బ్రిటిష్ జెండా కర్రను మళ్లీ మళ్లీ నరికేశాడు. 1845 మార్చి 11న నాలుగోసారి నరికినప్పుడు కొరొరారెకా పట్టణమే తగలబడింది. నవంబరులో జార్జ్ గ్రే వచ్చి బాధ్యతలు తీసుకున్నాడు. పదవి పోగొట్టిన కారణాల్లో వైరావు తీర్పు ముఖ్యమైనది, అతని పాలనలో న్యాయంగా నిలిచేదీ అదే.

ఇంగ్లండ్ తిరిగొచ్చాక 1849లో అర్రోగంట్ అనే ఆవిరి యుద్ధనౌకకు కెప్టెన్ అయ్యాడు, 1850లో అనారోగ్యంతో సముద్ర సేవ వదిలేశాడు. 1851లో రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది. మరుసటి ఏడాది భార్య మేరీ మరణించింది. సొంత డబ్బు దాదాపు ఖర్చైపోయింది. ఈ స్థితిలో 1854లో వాణిజ్య మండలి కింద కొత్తగా పెట్టిన వాతావరణ విభాగానికి అధిపతి అయ్యాడు. అమెరికా నౌకాధికారి మాథ్యూ మౌరీ చొరవతో 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన సమావేశం దీనికి ప్రేరణ. ఫిట్జ్‌రాయ్‌కు అప్పగించిన పని చాలా పరిమితం. ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి గాలుల లెక్కలు కట్టాలి. ముందేం జరుగుతుందో చెప్పమని ఎవరూ అడగలేదు.

అతను అంతటితో ఆగలేదు. పేద జాలరి పల్లెల రేవుల్లో, అందరికీ కనిపించేలా ప్రభుత్వ ఖర్చుతో బారోమీటర్లు పెట్టించాడు. పాదరసం ఎలా కదిలితే ఏం రావచ్చో సులువైన మాటల్లో రాసిపెట్టాడు. 1859 అక్టోబరు 25, 26 తేదీల్లో వచ్చిన పెనుగాలి అతని దారిని తేల్చేసింది. మెల్బోర్న్ నుంచి బంగారంతో, ప్రయాణికులతో లివర్‌పూల్ వస్తున్న రాయల్ చార్టర్ నౌక వేల్స్‌లోని ఆంగ్లసీ దీవి ఒడ్డున రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. 450 మందికి పైగా పోయారు, ఒడ్డు అతి దగ్గరలో ఉండగానే. ఆ గాలికి దేశం చుట్టూ 133 ఓడలు మునిగాయి. ఫిట్జ్‌రాయ్ ఎక్కడెక్కడి రికార్డులో తెప్పించి, గంట గంటకూ ఆ తుపాను ఎటు కదిలిందో పటాల మీద గీశాడు. గాలి ప్రయాణం చేస్తుంది, తంతి వార్త దానికంటే వేగంగా ప్రయాణం చేస్తుంది. దక్షిణాన మొదలైన సంగతి ఉత్తరాన ఉన్న రేవుకు ముందే చేరవేయవచ్చు.

ఈ ఆలోచన అతనికొక్కడికే వచ్చిందనడం సరికాదు. పారిస్‌లో లెవెరియే, హాలండ్‌లో బైస్ బాలెట్ ఇదే దారిలో ఉన్నారు, బాలెట్ 1860లోనే హెచ్చరికలు మొదలుపెట్టాడు. దేశమంతటికీ, రోజూ, సామాన్యుడికి అందేలా పనిని నిలబెట్టడంలో ఫిట్జ్‌రాయ్ ముందున్నాడు. తీర కేంద్రాలు ఉదయం ఎనిమిదింటికి బారోమీటరు ఒత్తిడి, ఉష్ణోగ్రత, గాలి వివరాలు లండన్‌కు తంతి కొట్టేవి. 1861 ఫిబ్రవరి నుంచి తుపాను హెచ్చరికలు రేవులకు వెళ్లాయి. కబురు అందగానే స్తంభానికి గుర్తులు ఎగరేసేవారు. మొన పైకి ఉన్న శంకువు ఉత్తరపు గాలికి, మొన కిందికి ఉన్నది దక్షిణపు గాలికి గుర్తు. డోలు ఆకారం కూడా చేరిస్తే ప్రమాదం ఎక్కువని అర్థం. రాత్రిపూట లాంతర్లు. అక్షరం రాని జాలరికి సైతం దూరం నుంచే బోధపడే భాష అది. 1861 ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో మొదటి దినసరి వాతావరణ సూచన వెలువడింది. 1863 నాటి తన వాతావరణ గ్రంథంలో ఇవి జోస్యాలు కావని, లెక్కల మీద ఆధారపడ్డ అభిప్రాయాలని వివరించాడు. ధ్రువాల చల్లగాలి, ఉష్ణమండలపు వెచ్చని గాలి తలపడే చోట తుపానులు పుడతాయన్న అతని ఊహ తర్వాతి శాస్త్రానికి దగ్గరగా ఉంది. చంద్రుడి ప్రభావం గురించి రాసింది మాత్రం నిలవలేదు.

సూచనలు తప్పినప్పుడు ఎగతాళి మొదలైంది. హెచ్చరిక గుర్తు ఎగిరితే పడవలు కదలవు, కదలకపోతే తమకు నష్టమని చేపల వ్యాపారులు అరిచారు. తంతి ఖర్చు దండగని పార్లమెంటులో కొందరన్నారు. గాలి సూత్రాలు తెలియకుండా సూచన ఎలా చెబుతారని శాస్త్రవేత్తలు నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. సూత్రం పూర్తిగా తెలిసేదాకా ఆగితే ఈలోపు మునిగే ఓడల సంగతేమిటన్న ఫిట్జ్‌రాయ్ మాటలో అంతకంటే ఎక్కువ న్యాయం ఉంది. సూచనలు అచ్చువేసే టైమ్స్ పత్రికే 1864లో వాటిని వెక్కిరించింది.

అతను 1865 ఏప్రిల్ 30న లండన్ శివారు అప్పర్ నార్‌వుడ్‌లోని ఇంట్లో ప్రాణం తీసుకున్నాడు. డార్విన్‌కు దారి చూపి దైవద్రోహం చేశానన్న పశ్చాత్తాపమే కారణమని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో పరిణామవాదం మీద జరిగిన చర్చలో అతను లేచి బైబిల్ పక్షాన మాట్లాడిన మాట నిజం. కానీ చివరి నెలల్లో అతన్ని పీడించినవి వేరు. విపరీతమైన పని, పెరుగుతున్న చెవుడు, నిద్రలేమి, అప్పులు, పత్రికల విమర్శలు. వాణిజ్య మండలిలో ఆశించిన పెద్ద పదవి బీగిల్‌లో తన కింద పనిచేసిన సులివాన్‌కు దక్కడం కూడా అంతకుముందే అతన్ని గాయపరిచింది. వీటన్నిటి వెనుక యవ్వనం నుంచి వెంటాడిన కుంగుబాటు ఉంది. ఒక వాదాన్ని ఇంకొక వాదంతో ముడిపెట్టే కథ రక్తి కట్టవచ్చు, ఒక రోగి బాధను మాత్రం అది వివరించదు. కుటుంబం కోసం మిత్రులు నిధి సేకరిస్తే డార్విన్ 100 పౌండ్లు ఇచ్చాడు.

1866లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఉన్న విచారణ సంఘం అతని పద్ధతుల్ని తప్పుపట్టింది. దినసరి సూచనలు ఆగిపోయాయి, ఆ డిసెంబరులో తుపాను హెచ్చరికలు కూడా నిలిచాయి. రేవుల నుంచి, నావికుల నుంచి నిరసన వచ్చింది. హెచ్చరికలను ఏడాదిలోపే తిరిగి మొదలుపెట్టక తప్పలేదు, ప్రజలకు సూచనలు 1879లో మళ్లీ వచ్చాయి. సంఘం కొలమానం శాస్త్ర నియమం, రేవుల కొలమానం ప్రాణం.

ఇదే కాలంలో బంగాళాఖాతం తీరం కూడా తుపాను హెచ్చరికల ప్రశ్నను ఎదుర్కొంది. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని పెను తుపానులు ముంచెత్తాయి. మచిలీపట్నం ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. మరుసటి ఏడాది కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. పగలు శంకువులు, స్థూపాలు, రాత్రి దీపాలతో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఎగరేసిన ప్రమాద సూచికలు ఆ తరహా సంకేత పద్ధతికి చెందినవే.

ఫిట్జ్‌రాయ్ మీద అంచనాలు 1960ల చివరి నుంచి బాగా మారాయి. 1968లో మెల్లర్ష్ రాసిన జీవితచరిత్ర అతన్ని డార్విన్ నీడ నుంచి బయటికి తెచ్చింది. 2003లో జాన్, మేరీ గ్రిబ్బిన్‌ల పుస్తకం, 2015లో పీటర్ మూర్ పుస్తకం వాతావరణ సేవకు సముచిత స్థానం ఇచ్చాయి. వైరావు తీర్పును ఈనాటి న్యూజీలాండ్ చరిత్రకారులు పూర్వంలా తప్పుపట్టడం లేదు. ఫ్యూగో మూలవాసుల విషయంలో మాత్రం అంచనా కఠినమైంది, అవ్వాల్సిందే. పాటగోనియాలో ఒక మహాశిఖరానికి 1877లో అర్జెంటీనా అన్వేషకుడు మొరెనో అతని పేరు పెట్టాడు. 2002 ఫిబ్రవరిలో బ్రిటన్ వాతావరణ శాఖ నావికులకిచ్చే సూచనల్లో స్పెయిన్ వాయవ్య తీరానికి ఆవల ఉన్న ఫినిస్టెర్ సముద్ర భాగానికి ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చింది.